హైకోర్టు తీర్పు చేతికొచ్చాక: ఎలా చదవాలి, గడువు ఎలా లెక్కెయ్యాలి

అమరావతి నేలపాడులోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి తీర్పు వచ్చిందనగానే గుంటూరు రైతైనా విజయవాడ వ్యాపారైనా అడిగేది ఒక్కటే, గెలిచామా లేదా అని. ప్లీడరు గుమాస్తా ఫోన్లో చెప్పేదీ ఒక్క ముక్కే: "అలవ్ అయిందండీ" లేదా "డిస్మిస్ అయిందండీ". ఆ ముక్కతో సరిపెట్టుకుని దెబ్బతినేది ఓడినవాళ్లే అనుకోవద్దు. అలవ్ అయిన రిట్‌లో కోర్టు చెప్పింది "ఆయన అర్జీ చూసి నిర్ణయం తీసుకోండి" అని మాత్రమే అయ్యుండొచ్చు. డిస్మిస్ అయిన అప్పీలులో కొత్త దావా వేసుకునే వీలు మిగిలి ఉండొచ్చు. తీర్పు విలువ తెలియాలంటే ఆ కేసు ఏ దారిన హైకోర్టు మెట్లెక్కిందో ముందు చూడాలి. జడ్జిగారు ఎంతవరకు లోపలికి వెళ్లి చూడొచ్చో నిర్ణయించేది ఆ దారే.

నంబరు ముందున్న అక్షరాలు

తీర్పు మొదటి పేజీలో కేసు నంబరుకు ముందు రెండు మూడు అక్షరాలుంటాయి. చదవడం అక్కడ మొదలుపెట్టండి.

ఏ.ఎస్. అంటే మొదటి అప్పీలు. ఇందులో సాక్షుల వాంగ్మూలాలు, దస్తావేజులు, కింది కోర్టు కట్టిన నిర్ణయాలు అన్నీ మళ్లీ తూకానికి వస్తాయి. ఎస్.ఏ. అంటే రెండో అప్పీలు, సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 100వ సెక్షన్ కింద. ఇక్కడ ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే హైకోర్టు కదులుతుంది. పొలం ఎవరి స్వాధీనంలో ఉంది, ఫలానా సాక్షిని నమ్మాలా వద్దా అన్నవి సంగతులు. వాటిని కింది రెండు కోర్టులూ ఒకేలా తేల్చేస్తే హైకోర్టు సాధారణంగా ముట్టుకోదు. రిజిస్టర్ కాని పంపకాల కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా అన్నది న్యాయ ప్రశ్న, దాన్ని ముట్టుకుంటుంది. డబ్బు వసూలు దావా విలువ 25,000 రూపాయలు దాటకపోతే 102వ సెక్షన్ ప్రకారం రెండో అప్పీలే లేదు.

సి.ఎం.ఏ. (సివిల్ మిసలేనియస్ అప్పీలు) తాత్కాలిక ఇంజంక్షన్, అంటే నిషేధపు ఉత్తర్వు, ఇవ్వడం, నిరాకరించడం లాంటి ఉత్తర్వుల మీద. సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) దావా నడుస్తుండగా వచ్చిన ఉత్తర్వుల మీద, ఎక్కువగా రాజ్యాంగం 227వ అధికరణం కింద. కింది సివిల్ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీద 226 కింద రిట్ కుదరదని సుప్రీంకోర్టు 2015లో రాధేశ్యాం కేసులో తేల్చింది. అయినా "రిట్ వేసేద్దాం" అనే సలహా ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

డబ్ల్యూ.పి. అంటే రిట్: ప్రభుత్వం, మునిసిపాలిటీ, పన్ను అధికారి లాంటివాళ్ల మీద. సింగిల్ జడ్జి రిట్‌లో ఇచ్చిన ఉత్తర్వు మీద డివిజన్ బెంచికి వెళ్తే డబ్ల్యూ.ఏ. క్రిమినల్‌లో మూడు రకాలు: అప్పీలు, రివిజన్ కేసు, క్రిమినల్ పిటిషన్. బెయిలు, ముందస్తు బెయిలు, కేసు కొట్టివేత, ఈ మూడూ క్రిమినల్ పిటిషన్ పేరుతోనే నడుస్తాయి కాబట్టి నంబరు చూసి లోపల ఏముందో ఊహించకండి. ఇన్‌కంట్యాక్స్ ట్రిబ్యునల్ ఉత్తర్వు మీద అప్పీలు ఐ.టి.టి.ఏ.

తీర్పు కాపీ పట్టుకోవడం

హైకోర్టు వెబ్‌సైట్లో గానీ ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో గానీ కేసు రకం, నంబరు, సంవత్సరం కొడితే స్టేటస్ వస్తుంది, ఉత్తర్వులు పీడీఎఫ్‌గా దిగుతాయి. అన్నిటికన్నా తేలిక సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఈకోర్ట్స్‌లో ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబరు. మొత్తం 16 అక్షరాలు, అంకెలు. మొదటి నాలుగు అక్షరాలు ఏ కోర్టో చెబుతాయి, మన హైకోర్టుకైతే ఏపీహెచ్‌సీ. చివరి నాలుగు అంకెలు సంవత్సరం. ఒక్కసారి రాసి పెట్టుకుంటే ప్లీడరు మారినా ఫైలు మారినా కేసు దొరుకుతుంది.

నంబరు తెలియక పేరుతో వెతికేవాళ్లు రెండు చోట్ల ఆగిపోతారు. ఒకటి, "పెండింగ్" అన్న గడి ఎంచి ఉంటే తీర్పైపోయిన కేసు కనపడదు. "డిస్పోజ్డ్" లేదా "బోత్" ఎంచుకోవాలి. రెండు, మన పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు. వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర్లు, లక్ష్మి లాంటి పేర్లను గుమాస్తాలు తలో రకంగా టైపు చేస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పేరు మొత్తం కాకుండా మధ్యలోంచి నాలుగైదు అక్షరాలు కొట్టండి. దొరక్కపోతే ఎదుటి పక్షం పేరుతో చూడండి.

2019కి ముందు వేసిన కేసులైతే హైదరాబాద్‌లో ఉమ్మడి హైకోర్టులో మొదలై ఉంటాయి. 2019 జనవరి 1న విడిపోయినప్పుడు మన జిల్లాల పెండింగ్ ఫైళ్లు ఇటు వచ్చాయి. అప్పటికే తీర్పైపోయినవి ఇక్కడ దొరకకపోతే తెలంగాణ హైకోర్టు సైట్లో కూడా ఓసారి వెతకాలి.

దింపుకున్న పీడీఎఫ్ చదువుకోవడానికే. అప్పీలుకు సర్టిఫైడ్ కాపీ కావాలి. దానికి అర్జీ ఎప్పుడు పెట్టారన్నదే తర్వాత గడువు లెక్కలో ప్రాణం. ఆ లెక్క కింద వివరంగా ఉంది.

కాగితం మీద ఏం చూడాలి

లా జర్నల్స్‌కు పంపమని గుర్తించిన మన హైకోర్టు తీర్పుల్లో ముందు ఒక పేజీ ఉంటుంది, అందులో వాక్యాలకు ముందు గుర్తులు కనిపిస్తాయి. + తర్వాత కేసు నంబరు, % తర్వాత తేదీ, # పిటిషనరు, $ రెస్పాండెంట్, ! పిటిషనరు లాయరు, ^ ఎదుటి లాయరు, ? తర్వాత ఆ తీర్పులో ప్రస్తావించిన పాత కేసుల జాబితా. ఆ ? జాబితా చాలా పనికొస్తుంది. మీ తగాదా లాంటి దానిలో ఏయే తీర్పులు వాడుకలో ఉన్నాయో ఒక్క పేజీలో తెలిసిపోతుంది. పక్కనే మూడు ప్రశ్నలుంటాయి. రెండోది, తీర్పు కాపీలను లా రిపోర్టర్లకు పంపాలా అన్నది. దానికి "ఎస్" అని ఉంటే జడ్జిగారు ఆ తీర్పులో చెప్పుకోదగ్గ న్యాయాంశం ఉందని భావించినట్టు.

తర్వాత వాస్తవాలు, ఆపైన రెండు వైపుల వాదనలు. కొత్తగా చదివేవాళ్లు పొరపడేది సరిగ్గా ఇక్కడే. "లెర్నెడ్ కౌన్సెల్ సబ్‌మిట్స్" అని మొదలైన పేరా ఎంత గట్టిగా ఉన్నా అది లాయరు మాట, కోర్టు మాట కాదు. వాట్సాప్‌లో తిరిగే సగం "హైకోర్టు సంచలన తీర్పు" ముక్కలు ఈ వాదనల పేరాల్లోంచి కత్తిరించినవే, మిగతా సగం మధ్యంతర ఉత్తర్వులు. కోర్టు మాట "పాయింట్ ఫర్ కన్సిడరేషన్" తర్వాత మొదలవుతుంది.

ఇక చివరి పేరా. దాన్ని రెండుసార్లు చదవండి. "డిస్పోజ్డ్ ఆఫ్" అంటే గెలుపూ కాదు, ఓటమీ కాదు. షరతులు ఏమిటో చూడాలి. "రిమాండ్" అంటే కేసు మళ్లీ కిందికి వెళ్లింది, పోరాటం మొదటికొచ్చింది. "డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్" అంటే వాయిదాకు ఎవరూ హాజరు కాలేదని కొట్టేశారు, పునరుద్ధరణకు వెంటనే పిటిషన్ వెయ్యాలి. దాదాపు ప్రతి తీర్పు చివరా "యాజ్ ఎ సీక్వెల్..." అని ఒక వాక్యం ఉంటుంది: పెండింగ్‌లో ఉన్న మధ్యంతర పిటిషన్లన్నీ ముగిసినట్టే అని దాని భావం. అలవాటు వాక్యమే కదా అని దాటేస్తారు. ఇన్నాళ్లూ మిమ్మల్ని కాపాడిన స్టే ఆ వాక్యంతో పోయింది.

రిట్ ఉత్తర్వుల్లో తరచు కనపడే రూపం ఇది: అధికారి ఆరు వారాల్లో పిటిషనరు అర్జీ మీద నిర్ణయం తీసుకోవాలి, "ఉత్తర్వు కాపీ అందిన తేదీ నుంచి". ఆ చివరి అయిదు మాటలు గుర్తుంచుకోండి. మీరు కాపీ ఇవ్వనంతవరకు గడియారం తిరగదు. సర్టిఫైడ్ కాపీ జతచేసి అర్జీ ఆఫీసులో ఇచ్చి, తేదీ ముద్రతో రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే ఎకనాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. గడువు దాటినా కదలకపోతే కోర్టు ధిక్కార కేసు. దానికి ధిక్కారం జరిగిన తేదీ నుంచి ఏడాదే గడువు. ఒకటి మాత్రం తెలుసుకోండి: "నిర్ణయం తీసుకోండి" అన్న ఉత్తర్వుకు అధికారి "తిరస్కరిస్తున్నాం" అని జవాబిచ్చినా ధిక్కారం కాదు. ఆ తిరస్కరణ మీద మళ్లీ రిట్ వెయ్యాల్సిందే.

సివిల్: ఒక తీర్పును పట్టుకుని

రెండో అప్పీలులో హైకోర్టు హద్దు ఎక్కడో తెలియాలంటే అనాథుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి చదవాలి. సుప్రీంకోర్టు 2008లో ఇచ్చింది, వరంగల్ స్థలం మీద. ఒక వ్యక్తి తన స్థలాన్ని తోబుట్టువుకు నోటిమాటగా ఇచ్చాడని, ఆమె దగ్గర తాము కొన్నామని వాదులు అన్నారు. స్థలం ఇచ్చాడంటున్న ఆ వ్యక్తి దగ్గరే తాను కొన్నానని ప్రతివాది అన్నాడు. వాదులు వేసింది ఇంజంక్షన్ దావా మాత్రమే, హక్కు ప్రకటించమని అడగలేదు. ట్రయల్ కోర్టు వాదులకిచ్చింది, మొదటి అప్పీలు కోర్టు తిప్పేసింది, హైకోర్టు రెండో అప్పీలులో మళ్లీ వాదులకిచ్చింది. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసింది. ప్లీడింగుల్లో (రెండు పక్షాలు దాఖలు చేసిన వాదపత్రాల్లో) లేని, తేల్చాల్సిన ఇష్యూగా కట్టని హక్కు ప్రశ్నలోకి రెండో అప్పీలులో దిగడం తప్పు అంది. హక్కు ప్రకటన కోసం వాదులు వేరే దావా వేసుకోవచ్చని దారి మాత్రం ఉంచింది.

మన జిల్లాల్లో దీని అవసరం రోజూ పడుతుంది. స్వాధీనంలో ఉన్నారు, హక్కు మీద ఎవరికీ పేచీ లేదు, ఊరికే అడ్డొస్తున్నారంటే ఇంజంక్షన్ దావా చాలు. స్వాధీనంలో ఉన్నా హక్కు మీదే ఎదుటివాడు గట్టి తగాదా లేవదీస్తే హక్కు ప్రకటన, దానితో పాటు ఇంజంక్షన్ అడగాలి. స్వాధీనం కూడా పోయిందా, అప్పుడు ప్రకటనతో పాటు స్వాధీనం ఇప్పించమని అడగాలి. కోర్టు ఫీజు తగ్గుతుందని ఉత్త ఇంజంక్షన్‌తో సరిపెట్టి, పట్టాదారు పాసుబుక్కు, అడంగల్ మీద నమ్మకం పెట్టుకుని పదిహేనేళ్లు నడిపాక రెండో అప్పీలులో "ఇది హక్కు తేల్చే దావా కాదు" అనిపించుకోవడం మామూలే.

అప్పీలు వేసినంత మాత్రాన స్టే వచ్చినట్టు కాదు. సీపీసీ ఆర్డర్ 41 రూల్ 5 ఆ మాటే చెబుతుంది. స్టే పిటిషన్ విడిగా వెయ్యాలి. డబ్బు డిక్రీ అయితే కొంత మొత్తం డిపాజిట్ చేయమనే షరతు దాదాపు ఖాయం. ఆ డబ్బు సిద్ధం చేసుకోకుండా అప్పీలు వెయ్యడం వల్ల ఈ.పీ. (డిక్రీ అమలు పిటిషన్) ఆగదు. కోర్టు ఫీజు కూడా అంతే. 1956 నాటి మన కోర్టు ఫీజుల చట్టం ప్రకారం అప్పీలులో తగాదా ఉన్న మేరకు మొదటి కోర్టులో కట్టినట్టే కట్టాలి.

స్టేల గురించి ఒక పాత సలహా ఇంకా తిరుగుతోంది: ఆరు నెలలైతే హైకోర్టు స్టే దానంతటదే పోతుందని. 2018 తీర్పు ఒకటి అలా అన్న మాట నిజమే. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. ఆరు నెలలు దాటాయని ఎదుటి పక్షం కట్టడం మొదలుపెడితే ఆ తీర్పు చూపించండి.

గడువు లెక్క, కాగితం పెన్సిలుతో

హైకోర్టుకు సివిల్ అప్పీలు 90 రోజులు, జిల్లా కోర్టుకైతే 30. రివిజన్‌కు 90. సింగిల్ జడ్జి నుంచి డివిజన్ బెంచికి 30. రివ్యూకు 30. హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ పిటిషన్ 90.

లెక్క మొదలయ్యేది తీర్పు చెప్పిన రోజు నుంచి. డిక్రీ టైపై సంతకమైన రోజు నుంచి కాదు, కాపీ మీ చేతికొచ్చిన రోజు నుంచి అంతకంటే కాదు. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ రెండు మినహాయింపులిస్తుంది: తీర్పు రోజును లెక్కెయ్యక్కర్లేదు, కాపీ తయారు కావడానికి పట్టిన కాలాన్ని తీసెయ్యొచ్చు. ఆ కాలం ఎంతో సర్టిఫైడ్ కాపీ మీద వేసిన ముద్రలో ఉంటుంది: అర్జీ పెట్టిన తేదీ, చార్జీలు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, ఇచ్చిన తేదీ.

ఒక లెక్క చూద్దాం. తీర్పు 2025 జనవరి 10. అర్జీ జనవరి 20న పెట్టారు. కాపీ ఫిబ్రవరి 7న తయారైంది. 90 రోజులు ఏప్రిల్ 10తో నిండుతాయి. జనవరి 20 నుంచి ఫిబ్రవరి 7 దాకా రెండు తేదీలూ కలిపి 19 రోజులు. అవి కలిపితే చివరి రోజు ఏప్రిల్ 29. జనవరి 11 నుంచి 19 వరకు ఊరికే గడిచిన రోజులు మాత్రం తిరిగి రావు.

ఇదే లెక్కలో చార్జీలు జనవరి 27న కట్టమని నోటీసు బోర్డులో పెట్టారనుకోండి. మీరు చూసుకోక ఫిబ్రవరి 3న కట్టారు. ఆ మధ్య రోజులు కోర్టుకు పట్టిన కాలం కాదు, మీ ఆలస్యం. వాటిని ఎదుటి పక్షం కోసేయమంటుంది. అప్పుడు మీ చివరి రోజు ఏప్రిల్ 22 ప్రాంతానికి జారిపోతుంది. అసలే కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు, కొత్త అర్జీ కొత్త తేదీ. ఇక కాపీ తయారయ్యాక తీసుకోకుండా నెల ఉంచేసినా ఆ నెల లెక్కలోకి రాదు; తయారైన తేదీయే ఆధారం.

90 రోజులంటే మూడు నెలలని మాటవరసకు అంటాం. జులై 1 నాటి తీర్పుకు 90 రోజులు సెప్టెంబర్ 29తో అయిపోతాయి, మూడు నెలలైతే అక్టోబర్ 1. రెండు రోజుల తేడాకు ఆలస్యం మన్నింపు పిటిషన్, అఫిడవిట్, ఎదుటి పక్షానికి నోటీసు, మరికొన్ని నెలలు. చివరి రోజు సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో పడితే 4వ సెక్షన్ ప్రకారం కోర్టు తెరిచిన రోజు వెయ్యొచ్చు. తెరిచిన రోజే, మర్నాడు కాదు.

క్రిమినల్

మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు 60, మరణశిక్ష అయితే 30. జైలుశిక్ష పడితే తీర్పు కాపీ ముద్దాయికి వెంటనే ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. బెయిలు మీద ఉన్న ముద్దాయికి మూడేళ్లు మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకునేదాకా శిక్ష ఆపమని ఆ కోర్టునే అదే రోజు అడగొచ్చు.

2024 జులై 1న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) వచ్చినప్పటి నుంచి సెక్షన్ నంబర్లు చూసి తీర్పులు వెతికేవాళ్లు తికమక పడుతున్నారు. పాత 482 అంటే కేసు కొట్టివేత. కొత్తలో అది 528. కొత్త 482 అంటే ముందస్తు బెయిలు, అదేమో పాత 438. కొత్త 438 అంటే రివిజన్‌కు రికార్డులు పిలిపించుకునే అధికారం, పాత 397. తీర్పు తేదీ చూడకుండా నంబరు పట్టుకుంటే ఒక దానికి బదులు మరొకటి చదువుతారు.

క్రిమినల్ పిటిషన్ "డిస్పోజ్డ్ ఆఫ్" అని వచ్చినప్పుడు కేసు పోయిందని సంబరపడటం ఎక్కువగా జరిగే పొరపాటు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో హైకోర్టు చాలాసార్లు ఎఫ్ఐఆర్‌ను ముట్టుకోదు. పోలీసులు 41-ఏ నోటీసు (అరెస్టు చెయ్యకుండా హాజరు కమ్మనే నోటీసు) పద్ధతి పాటించాలని మాత్రమే చెప్పి పిటిషన్ ముగిస్తుంది. 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పే దానికి ఆధారం. ఆ నోటీసు ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 35(3) కింద వస్తుంది. దర్యాప్తు సాగుతుంది, చార్జిషీటు పడుతుంది. నోటీసు అందాక స్టేషనుకు వెళ్లకపోతే రక్షణ కూడా పోతుంది. నిజంగా కొట్టేస్తే "ప్రొసీడింగ్స్ ఆర్ క్వాష్డ్" అని, ఏ ముద్దాయి మేరకో కూడా రాసి ఉంటుంది. ఏ1, ఏ3 మేరకే క్వాష్ అయితే ఏ2 కేసు నడుస్తూనే ఉంటుంది.

చెక్ బౌన్స్ శిక్ష మీద అప్పీలు వేసేటప్పుడు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 148వ సెక్షన్ గుర్తుంచుకోవాలి. జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం కట్టమని అప్పీలు కోర్టు ఆదేశించొచ్చు, 60 రోజుల్లో, సరైన కారణం చూపితే మరో 30. ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లేది రివిజన్ కేసుగా. అక్కడ సాక్ష్యాలను మళ్లీ తూకం వెయ్యరు. కాబట్టి అప్పు లేదనో సంతకం మనది కాదనో చెప్పుకోవాల్సిందేదైనా సెషన్స్ కోర్టులోనే గట్టిగా చెప్పుకోవాలి.

పన్ను కేసులు

మిర్చి యార్డు కమీషన్ వ్యాపారికైనా ఆటోనగర్ విడిభాగాల దుకాణానికైనా జీఎస్టీలో దెబ్బ పడేది సాధారణంగా పోర్టల్‌లో. డిమాండ్ ఉత్తర్వు "అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్" అన్న ట్యాబ్‌లో పడి ఉంటుంది. ఎస్ఎంఎస్ వెళ్లిన ఫోను నంబరు ఎప్పుడో మానేసిన అకౌంటెంటుది. 169వ సెక్షన్ ప్రకారం పోర్టల్‌లో పెట్టడం కూడా అందించడమే. వారానికోసారి ఆ ట్యాబ్ తెరిచి చూడటం కంటే చౌకైన లీగల్ సలహా లేదు.

మొదటి అప్పీలుకు ఉత్తర్వు అందిన తేదీ నుంచి మూడు నెలలు. ఇక్కడ రోజులు కాదు, నెలలే: నవంబర్ 18న అందితే ఫిబ్రవరి 18. సరైన కారణం చూపితే ఇంకో నెల, మార్చి 18. అక్కడితో తలుపు మూసుకుంటుంది. ఆ పైన మన్నించే అధికారం అప్పీలు అధికారికి చట్టం ఇవ్వలేదు. ఒప్పుకున్న పన్ను మొత్తం, తగాదా ఉన్న పన్నులో 10 శాతం కట్టాలి. తగాదా 6,00,000 అయితే 60,000. అది కట్టి అప్పీలు వేస్తే మిగతా వసూలు దానంతటదే ఆగుతుంది, విడిగా స్టే అక్కర్లేదు. ట్రిబ్యునల్‌కు వెళ్లేటప్పుడు మరో 10 శాతం. ట్రిబ్యునల్ నుంచి హైకోర్టుకు 180 రోజులు, అదీ ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటేనే. ఇన్‌కంట్యాక్స్‌లో అదే దశకు 120 రోజులు.

గడువు దాటాక రిట్ వేస్తే సరిపోతుందనే ధీమాకు మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు అడ్డం పడింది. కాకినాడ ఎల్‌టీయూ (పెద్ద పన్ను చెల్లింపుదారుల విభాగం) అసిస్టెంట్ కమిషనర్ వర్సెస్ గ్లాక్సో స్మిత్‌క్లైన్, సుప్రీంకోర్టు, 2020 మే 6. వ్యాట్ చట్టంలో అప్పీలుకు 30 రోజులు, మన్నింపుతో ఇంకో 30. కంపెనీ ఏడాదికి పైగా ఆలస్యంగా వచ్చింది, అప్పీలు తిరస్కరించారు, హైకోర్టు రిట్‌లో ఆదుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: మన్నించగలిగిన గరిష్ఠ గడువు కూడా దాటాక అదే ఉత్తర్వు మీద రిట్‌ను హైకోర్టు విచారణకు తీసుకోకూడదంది. గడువులో ఉన్నప్పుడే రిట్టా అప్పీలా అన్నది తేల్చుకోవాలి.

రిట్‌కు నిజంగా బలమున్న కారణాలు కొన్నే. విచారణకు పిలవకుండా ఉత్తర్వు ఇవ్వడం వాటిలో ముఖ్యమైనది. వ్యతిరేక నిర్ణయం తీసుకోబోతుంటే వినిపించుకునే అవకాశం ఇవ్వాలని జీఎస్టీ చట్టం 75(4) చెబుతుంది. అధికారం లేనివాళ్లు ఉత్తర్వు ఇవ్వడం మరొకటి. సంతకం లేని ఉత్తర్వు చెల్లదని మన హైకోర్టు డివిజన్ బెంచి 2023లో తేల్చింది. అయితే ఇలాంటి రిట్‌లు గెలిచిన తర్వాతి సంగతి కూడా చూడాలి: ఉత్తర్వు రద్దు చేసి, మళ్లీ నోటీసిచ్చి, విని, కొత్త ఉత్తర్వు ఇచ్చుకోమని అధికారికి స్వేచ్ఛనిస్తారు. పన్ను లెక్క మీద కోర్టు ఒక్క ముక్క కూడా అనదు. ఈ మధ్యకాలాన్ని ఇన్వాయిసులు, వేబ్రిడ్జి చీటీలు, సరఫరాదారు రిటర్నులు కూడగట్టుకోవడానికి వాడుకోని వ్యాపారి ఆరు నెలల తర్వాత అదే డిమాండును ఈసారి సంతకంతో సహా అందుకుంటాడు.

పాత తీర్పును మీ కేసులో వాడాలంటే

ముందు బెంచి చూడండి. ఒక జడ్జి పేరుంటే సింగిల్, ఇద్దరైతే డివిజన్, ముగ్గురు లేదా పైన అయితే ఫుల్ బెంచి. చిన్న బెంచికి పెద్ద బెంచి మాట కట్టుబాటు. ఏ హైకోర్టు అన్నది తర్వాత. 2019కి ముందు ఉమ్మడి హైకోర్టు ఇచ్చినవి, అంతకుముందు 1954 జులై నుంచి గుంటూరులో నడిచిన ఆంధ్ర హైకోర్టు ఇచ్చినవి, దానికీ ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చినవి మనకు వారసత్వంగా వచ్చినవే. మద్రాసు తీర్పులకు కట్టుబడాలని గుంటూరు హైకోర్టు ఫుల్ బెంచే 1955 ప్రాంతంలో చెప్పింది. 2019 తర్వాతి తెలంగాణ తీర్పులు గౌరవంగా చూపించొచ్చు గానీ మన కోర్టులను కట్టిపడెయ్యవు. చాలామంది ఏఎల్‌టీ, ఏఎల్‌డీ లా జర్నల్స్ పుటల్లో రెండు హైకోర్టుల తీర్పులూ పక్కపక్కనే ఉండటం చూసి ఈ తేడా గమనించరు.

"సుప్రీంకోర్టు కూడా సమర్థించింది" అంటే ఆ ఉత్తర్వు తెప్పించి చూడండి. స్పెషల్ లీవ్ పిటిషన్‌ను కారణాలు రాయకుండా ఒక్క వాక్యంలో కొట్టేస్తే హైకోర్టు తీర్పును సమర్థించినట్టు కాదని 2000లో కున్హయమ్మద్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అప్పీలుగా స్వీకరించి, విని కొట్టేస్తే ఆ సంగతి వేరు.

చివరగా, ఏ తీర్పునైనా కోర్టులో దాఖలు చేసే ముందు హైకోర్టు తీర్పుల పోర్టల్‌లో కేసు నంబరు, తేదీ, పార్టీల పేర్లు మూడూ సరిచూడండి. ఏఐ చాట్‌బాట్‌లు పేరూ నంబరూ పేజీతో సహా లేని తీర్పులను అల్లేస్తున్నాయి, అవి చదవడానికి ఎంతో నమ్మకంగా ఉంటాయి. అసలు పీడీఎఫ్ దొరకని తీర్పును మెమోలో చేర్చొద్దు. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు, ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరును కోరొచ్చు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. అక్కడికి వెళ్లేటప్పుడు తీర్పు, డిక్రీ సర్టిఫైడ్ కాపీలు, ప్లెయింటు, రిటన్ స్టేట్‌మెంటు, వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ల జాబితా వెంట తీసుకెళ్లండి; కాపీలు ఇంకా రాకపోతే కాపీ అర్జీ నంబరు రాసుకున్న చీటీ అయినా తీసుకెళ్లండి.